సాయం మొత్తంతో పాటు ఎలివేటర్ ధర కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా, చైనాల సుంకాల పోరుపై మన పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా రెండు అంకెలే కనబడుతున్నాయి. సుంకం ఎంత శాతం, అమెరికా ప్రభుత్వం రైతులకు ఎన్ని కోట్ల డాలర్లు ఇచ్చింది. అవి చదివినవారికి నష్టం జరిగింది, సర్కారు పూడ్చేసింది అనిపిస్తుంది. పూడలేదు. ఎందుకు పూడలేదో తెలియాలంటే, ఆ పోరులో ఎక్కువ దెబ్బ తిన్న సోయాబీన్ పంట ఏ దారిన అమ్ముడవుతుందో చూడాలి.

సోయాబీన్ రైతుకు షికాగో ఫ్యూచర్స్ బోర్డు, అంటే ముందు తేదీకి ఇచ్చే సరుకు బేరాల మార్కెట్, మీద కనిపించే ధర చేతికి రాదు. దగ్గర్లోని ఎలివేటర్, అంటే ధాన్యం కొని రైలెక్కించే గోదాం, రవాణా ఖర్చు, తన రాబడి మినహాయించుకుని మిగిలింది ఇస్తుంది. ఆ తేడాను బేసిస్ అంటారు. 2018 నాటికి అమెరికా ఉత్తరాది రాష్ట్రం నార్త్ డకోటా సోయాలో అధిక భాగం 110 వ్యాగన్ల రైళ్లలో పడమటి తీరాన వాషింగ్టన్ రాష్ట్రంలోని కలామా, టకోమా వంటి రేవులకు చేరి అక్కడ ఓడ ఎక్కేది. ఒక్కో రైలుకు సుమారు 4 లక్షల బుషెళ్లు (సోయా బుషెల్ అంటే సుమారు 27 కిలోలు). ఆ ఓడలు ముఖ్యంగా వెళ్లేది చైనాకు. 2018 జులై 6న చైనా అమెరికా సోయాపై అదనంగా 25 శాతం సుంకం వేయగానే ఆ రేవుల్లో బేరం ఆగిపోయింది. సరుకును దక్షిణాన గల్ఫ్ తీరానికో, దూరపు నూనె మిల్లులకో తిప్పాలి. ఆ అదనపు రైలు ఖర్చు ఎలివేటర్ భరించదు, రైతు ధరలోంచే కోస్తుంది. రాష్ట్రంలోనే పెద్ద సోయా మిల్లులు, స్పిరిట్‌వుడ్‌లో ఒకటి, కాసెల్టన్‌లో ఒకటి, వచ్చింది ఆ తరువాతే, 2023, 2024లలో.

లెక్క కోసం ఒక ఉదాహరణ. బోర్డు ధర బుషెల్‌కు 10 డాలర్లు, బేసిస్ 80 సెంట్లు అనుకుందాం. రైతుకు 9.20 వస్తుంది. ఓడలు ఆగి బేసిస్ 1.80కి చేరితే, బోర్డు కదలకపోయినా, 8.20 మిగులుతుంది. ఎకరాకు 50 బుషెళ్ల దిగుబడి మీద అది 50 డాలర్ల కోత, వెయ్యి ఎకరాల మీద 50 వేలు. నిజానికి 2018లో బోర్డు కూడా మే నుంచి జులై మధ్యలో పదిన్నర డాలర్ల దరిదాపుల నుంచి ఎనిమిదిన్నర దాకా దిగింది. రెండు దెబ్బలూ ఒకేసారి పడ్డాయి.

పంటల బీమా ఉంది కదా అంటారు. అమెరికాలో ఎక్కువమంది తీసుకునే రెవెన్యూ బీమాలో, అంటే పంట రాబడి పడిపోతే ఆదుకునే బీమాలో, సోయాకు ధర తేల్చేది నవంబరులో ఇచ్చే సరుకు ఫ్యూచర్స్ ధర సగటు: ఫిబ్రవరిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. రెండూ షికాగో ధరలే. స్థానిక బేసిస్ ఎంత పడినా బీమా దాన్ని చూడదు. పైగా సుంకం రెండో ఏటికి సాగితే ఫిబ్రవరి ధరే తక్కువగా ఉంటుంది. అంటే బీమా మొదలయ్యే మెట్టే కిందికి దిగుతుంది.

ఇక ప్రభుత్వ సాయం. 2018లో సోయాకు బుషెల్‌కు 1.65 డాలర్లు, మొక్కజొన్నకు ఒక్క సెంటు. ఇల్లినాయి రాష్ట్రంలో నది ఒడ్డున బార్జి, అంటే సరుకు పడవ, అందుబాటులో ఉన్న రైతుకూ 1.65, పడమటి రేవు తప్ప గతిలేని నార్త్ డకోటా రైతుకూ 1.65. 2019లో కౌంటీల (మన జిల్లాల వంటివి) వారీగా ఎకరాకు 15 నుంచి 150 డాలర్ల దాకా ఇచ్చారు. 2025 డిసెంబరులో ప్రకటించిన 1,200 కోట్ల డాలర్ల సాయంలో సోయాకు దక్కింది ఎకరాకు 30.88. 50 బుషెళ్ల దిగుబడితో భాగిస్తే బుషెల్‌కు 62 సెంట్లు. కౌలు భూమి మీద అందులో కొంత మరుసటి ఏడాది కౌలు బేరంలో భూస్వామి వైపు వెళ్లిపోతుంది.

అమ్మకుండా దాచుకోవచ్చు కదా అనే మాట వినడానికి తేలిక. సోయాను కోతలోనే అమ్మేసి మొక్కజొన్నను బిన్నుల్లో, అంటే ఉక్కు గాదెల్లో, నిలవ చేయడం అక్కడి అలవాటు. అక్టోబరు నుంచి జనవరి దాకా సోయాకు ఎగుమతి గిరాకీ ఉంటుంది, ఫిబ్రవరి నుంచి బ్రెజిల్ కోత మార్కెట్లోకి వస్తుంది. సోయాను వేసవి దాకా ఉంచాలంటే తేమ 12 శాతానికి తేవాలి, ఫ్యాన్లతో గింజను చల్లగా ఉంచాలి. 13 దాటి ఉంటే వేడి తగిలాక బూజు పడుతుంది. మరీ ఆరబెడితే గింజ చీలి ధర తెగుతుంది. ఇదంతా చేసినా అప్పు మీద వడ్డీ ఆగదు. 2019 మార్చిలో మిస్సోరీ నది పొంగినప్పుడు నెబ్రాస్కా, అయోవాల్లో మంచి ధర కోసం ఆపిన ధాన్యం నీళ్లలో మునిగింది. తడిసి ఉబ్బిన సోయా ఉక్కు బిన్నులను చీల్చేసింది. వరద నీరు తగిలిన గింజ తిండికీ మేతకీ పనికిరాదు.

ఖర్చుల వైపు కూడా వాణిజ్య విధానమే పిండుతోంది. బిన్నులు ఉక్కువి. ఉక్కు దిగుమతిపై సుంకం 2018లో 25 శాతం, 2025 జూన్‌లో 50. మొరాకో, రష్యా ఫాస్ఫేట్ ఎరువుపై 2021లో ప్రత్యేక సుంకాలు వేశారు. ధర చూసి ఎరువు తగ్గిస్తే ఆ ఏడాది తేడా కనబడకపోవచ్చు. కానీ 50 బుషెళ్ల సోయా ఎకరా నేల నుంచి దాదాపు 58 పౌండ్ల పొటాష్ పట్టుకుపోతుంది. అది తిరిగి వేయకపోతే తరువాతి పంటలు చెల్లిస్తాయి.

అన్నింటికంటే నన్ను బాధించేది పోయిన కొనుగోలుదారు సంగతి. 1973లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వం సోయా ఎగుమతిని ఆపినప్పుడు జపాన్ బ్రెజిల్‌లోని సెరాడో అనే విశాల పచ్చిక మైదానాల అభివృద్ధికి డబ్బు పెట్టింది. ఆంక్ష కొద్ది నెలల్లోనే సడలింది, బ్రెజిల్ పొలాలు మాత్రం నిలిచాయి. 1980లో సోవియట్‌కు ధాన్యం ఆపితే వాళ్లు అర్జెంటీనాలో కొన్నారు. 2025 అక్టోబరులో అమెరికాతో ఒప్పందంలో చైనా ఏటా 2.5 కోట్ల టన్నుల సోయా కొంటామంది. గొప్పగా వినబడుతుంది గానీ, అది మునుపటి కొనుగోళ్ల దరిదాపే. నవంబరులో సుంకం తగ్గించాక కూడా అమెరికా సోయాపై 13 శాతం మిగిలింది. అందుకే కొన్నవి ప్రధానంగా చైనా ప్రభుత్వ సంస్థలే, ప్రైవేటు మిల్లులు చౌకగా దొరికే బ్రెజిల్ వైపే చూశాయి.

కాబట్టి ఒక మనవి. ఒప్పందం వార్త వేసినప్పుడు ప్రకటనను, అమ్మకాన్ని, ఓడెక్కిన సరుకును వేరుగా చూపండి. అమెరికా వ్యవసాయ శాఖ ఎగుమతి అమ్మకాల నివేదిక సాధారణంగా గురువారం, రేవుల్లో తనిఖీ అయిన సరుకు లెక్క సోమవారం వస్తాయి. ఒక్క రోజులో లక్ష టన్నులు, ఆపైన అమ్మితే ఎగుమతిదారు మర్నాడే చెప్పాలి. అమ్మకం రద్దు కావచ్చు, ఓడెక్కింది వెనక్కి రాదు. ఆ మూడు అంకెల పక్కన నార్త్ డకోటాలో ఒక ఎలివేటర్ ధరను, ఇల్లినాయి నది ఒడ్డున ఒక ఎలివేటర్ ధరను వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు