మిర్చిగాడికి ఒంట్లో బాలేదు

ఒరేయ్ రాంబాబూ,

మొన్న ఫోన్లో "చేపకి వైద్యమేంట్రా, నాడి పట్టుకుని చూశావా?" అని పగలబడి నవ్వావు కదా. రొయ్య మేత తినలేదని అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని రొయ్యల చెరువు గట్టంతా తిరిగేవాడివి, నువ్వా నన్ను చూసి నవ్వేది! చెరువు నీళ్ళలో గాలి కలిపే మీ ఏరియేటర్ల హోరులో నేను చెప్పింది సగం నీకు వినపడనే లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. చివర్లో నీతో ఓ పని కూడా ఉంది, కాబట్టి మధ్యలో ఆపకుండా చదువు.

మిర్చి అంటే మా ఫైటర్ చేప. ఎర్రగా ఉందని మా అమ్మాయి పెట్టిన పేరు. బొటనవేలంత ఒళ్ళు, దానికి పెళ్ళికూతురి చీరంత కుచ్చిళ్ళు. అమ్మాయి స్కూలు నుంచి రాగానే అద్దం దగ్గరికొచ్చి ఊగుతుంది. నేను వెళ్తే మాత్రం మొప్పలు విప్పి యుద్ధానికి దిగుతుంది. ఇంట్లో నా హోదా ఏంటో దానిక్కూడా తెలిసిపోయింది.

ఇంతకీ ఏం జరిగిందంటే, నేను ఆఫీసు పని మీద ఊళ్ళో లేనప్పుడు తొట్టి కడగడానికి షాపు నుంచి ఓ కుర్రాడొచ్చాడు. నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళు తోమి, ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా పిండి పెట్టాడట. మా ఆవిడ 'ఎంత శుభ్రంగా చేశాడో' అనుకుంది. నువ్వు చెరువులవాడివి, నీకు విడమర్చి చెప్పక్కర్లేదు. చేప విసర్జనలోంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గానూ, దాన్ని నైట్రేట్‌గానూ మార్చే బాక్టీరియా కాపురముండేది ఆ స్పాంజిలోనే. క్లోరిన్ నీళ్ళతో కడిగితే ఇంకేం మిగులుతుంది? పైగా హైదరాబాద్ చలికాలం, హీటర్ తీగ పీకేసి మళ్ళీ తగిలించలేదు కూడా.

నేను తిరిగొచ్చేసరికి మిర్చి అడుగున కూలబడి ఉంది. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి. తోక అంచు నల్లబడి చీలికలుగా ఊడుతోంది. మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగి మళ్ళీ కిందికి జారిపోతోంది. ఇది కూడా మన కొర్రమీనులా గాలి పీల్చే జాతేరా. పుట్టిల్లు థాయ్‌లాండ్, అక్కడి వరిచేలూ లోతులేని మడుగులూ. 2019లో అక్కడి ప్రభుత్వం దీన్ని జాతీయ జలచరంగా కూడా ప్రకటించింది. తలలో లాబిరింత్ అనే అవయవం ఉండబట్టి ఆక్సిజన్ తక్కువున్న నీళ్ళలోనూ బతుకుతుంది. ఆ ఒక్క గుణమే దీనికి శాపమైంది. 'ఎందులో పెట్టినా బతుకుతుందండీ' అని పచ్చడి డబ్బాలంత వాటిలో పోసి అమ్ముతారు. గాలి పైన పీల్చుకుంటే మాత్రం, కింద అమ్మోనియా ఒళ్ళు కాల్చడం మానేస్తుందా?

షాపుకెళ్ళి సంగతి చెప్పాను. తొట్టిలో ఎన్ని లీటర్లు పడతాయని అడగలేదు, తోక ఎలా ఉందనీ అడగలేదు. నీలం సీసా ఒకటి, పసుపు సీసా ఒకటి చేతిలో పెట్టి, మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కొని, గొట్టం విప్పి సగం పొడి కలపమన్నాడు. నీకు నవ్వొస్తుందో ఒళ్ళు మండుతుందో గానీ, యాంటీబయాటిక్ అవశేషాలుంటే రొయ్యల సరుకుని విదేశాలవాళ్ళు తిప్పి పంపేస్తారని మీరంతా ఎంత హడలిపోతారో చూసినవాణ్ణి కదా, నాకు చెయ్యి రాలేదు. మిర్చిని ఎవరూ వండుకు తినరు, నిజమే. అయినా రోగమేంటో తేలకుండా మందు పొయ్యడం నాకు గిట్టదు. నీలం మందు, అదే మిథిలీన్ బ్లూ, బూజు మీద పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ తొట్టిలో పోస్తే మిగిలున్న మంచి బాక్టీరియా కూడా పోతుంది. సీసాలు అక్కడే వదిలేసి అమ్మోనియా కిట్టూ, యాంటీ క్లోరినూ కొనుక్కొచ్చాను. ఇంటికొచ్చి పరీక్ష చేస్తే పసుపుగా ఉండాల్సిన నీళ్ళు ఆకుపచ్చకి తిరిగాయి, అంటే అమ్మోనియా ఉన్నట్టే.

ఇక్కడే ఓ చిక్కుంది. ఫైటర్‌కి 25 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం కావాలి. చలికి అరుగుదలా మందగిస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తీ తగ్గుతుంది. కానీ నీళ్ళు వేడెక్కేకొద్దీ, పీహెచ్ (అంటే నీళ్ళ క్షారగుణం) పెరిగేకొద్దీ అమ్మోనియా విషం ముదురుతుందని నాకు మొదట చెప్పింది నువ్వే, మధ్యాహ్నం పీహెచ్ చూసి తిట్టుకుంటూ. అందుకని ముందు నీళ్ళు మార్చి, తర్వాతే వేడి సంగతి చూశాను. ఎనిమిది లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, అడుగున రాళ్ళూ రప్పలూ ఏమీ లేకుండా. యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్ళు. నాలుగు లీటర్లకి ఓ టీస్పూను లెక్కన ఏమీ కలపని కల్లుప్పు విడిగా కరిగించి, సగం ముందూ సగం కొన్ని గంటలాగీ పోశాను. మీద మూత, గాలికి సందు. హీటర్‌ని నెమ్మదిగా పెంచుకుంటూ 27 దగ్గర ఆపాను. రోజూ సగం నీళ్ళు తీసి, అంతే వెచ్చగా ఉన్న కొత్త నీళ్ళు. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి తీసిన నీళ్ళకి సరిపడా మాత్రమే మళ్ళీ వెయ్యాలి. పది రోజులకి మించి ఉప్పులో ఉంచకూడదు. ఇంతే వైద్యం!

మా అమ్మ మాత్రం ఊరుకుంటుందా? "పులుసుకి కూడా పనికిరాని చేపకి ఇంత సేవా! నా మోకాళ్ళకి కాపడం పెట్టమంటే ఒక్కడూ పలకడు" అంది. ఆ రాత్రి నుంచి రెండు డ్యూటీలూ నావే.

పొద్దున్నే టార్చి వేసి చూడటం అలవాటైంది. (నవ్వకు.) ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టుంటే వెల్వెట్, ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలుంటే ఇక్. రెండూ పరాన్నజీవులే, వాటి వైద్యం వేరు. నేను అన్నింటికంటే భయపడింది డ్రాప్సీకి. పొట్ట ఉబ్బి, పైనుంచి చూస్తే పొలుసులు లేచి నిలబడతాయి. అది లోపలి అవయవాలు దెబ్బతిన్నాయనడానికి గుర్తు. అక్కడిదాకా వస్తే కోలుకునేవి చాలా తక్కువ. మిర్చికి పొలుసులు నున్నగానే ఉన్నాయి. తోక కుళ్ళడం ఒక్కటే.

మొదట్లో మేత పూర్తిగా ఆపేశాను. మా అమ్మాయి "పస్తు పెడతావా నాన్నా" అని గొడవ. దాని పొట్ట ఇంచుమించు దాని కంటి గుడ్డంత అని చెప్తే గానీ శాంతించలేదు. ఆ తర్వాత గుళికలేస్తే నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. ఎవరో బఠాణీ ఉడకబెట్టి పెట్టమన్నారు. పురుగులు తినే చేపకి బఠాణీ ఏంటి? బాల్కనీలో ఓ బకెట్ నిండా నీళ్ళు పెట్టి దోమపిల్లల్ని పెంచాను. "ఊళ్ళో అందరూ దోమల్ని చంపుతుంటే మీరు పెంచుతున్నారా" అని మా ఆవిడ మొత్తుకుంది. కానీ మిర్చి మొదట గుటుక్కున మింగింది వాటినే! ఆ పూటే బకెట్ బోర్లించేశాన్లే, డెంగ్యూ భయం నాకూ ఉంది.

ఇప్పుడు తోక అంచున పల్చగా, గాజుకాగితంలా కొత్త పొర వస్తోంది. నలుపు ముందుకి పాకడం ఆగింది. రంగు తర్వాత పడుతుంది, తోక పూర్తిగా వస్తుందన్న నమ్మకం మాత్రం లేదు. వీటి ఆయుష్షే మూడేళ్ళు, అటూ ఇటూ. వీడు ఇప్పటికే పెద్దవాడు. నిన్న నన్ను చూసి మొప్పలు విప్పాడు, అదే పదివేలు. పై ఫ్లాటు వాళ్ళ తొట్టిలోంచి వాడిన స్పాంజి ముక్క తెచ్చి మా ఫిల్టర్‌లో పెట్టాను. కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా చూపించాకే వాణ్ణి పెద్ద తొట్టిలోకి మారుస్తా.

ఇక నీతో పని. మీ పెరట్లో బాదం చెట్టు ఉందిగా, చిన్నప్పుడు కాయలు రాయి పెట్టి కొట్టుకుని తినేవాళ్ళం, ఆ చెట్టే. దాని ఎండుటాకులు కావాలి. నీళ్ళలో వేస్తే టానిన్లు, అదే ఆకులోని వగరు, దిగి టీ రంగొస్తుంది, పీహెచ్ కాస్త తగ్గుతుంది. థాయ్‌లాండ్‌లో ఫైటర్లు పెంచేవాళ్ళు చాలామంది వాడతారు. ఇక్కడ షాపుల్లో ప్యాకెట్లలో పెట్టి అమ్ముతున్నారు. బాదం ఆకుకి డబ్బులు పెట్టడానికి నా గోదావరి రక్తం ఒప్పుకోవట్లేదు. పచ్చివి కొయ్యకు, వాటంతటవి రాలి గోధుమరంగుకి తిరిగినవే ఏరు. కాకిరెట్ట పడ్డవీ బూజు పట్టినవీ వద్దు. చెరువు గట్టు మీది చెట్టువి అసలే వద్దు, అక్కడ నువ్వు బ్లీచింగూ ఏవేవో చల్లుతుంటావు. ఒకసారి కడిగి, నీడలో ఆరబెట్టి, న్యూస్‌పేపర్లో చుట్టి ఆర్టీసీ కార్గోలో వేసెయ్. ఓ పాతిక చాలు.

ఈసారి పట్టుబడికి కౌంట్, అదే కిలోకి ఎన్ని రొయ్యలు, ఎంతొచ్చిందో రాయి. ధర సంగతి అడగనులే, పండక్కొచ్చినప్పుడు నువ్వే తిట్టుకుంటూ చెప్తావుగా. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ
సత్యం