తథాస్తు దేవతలు: కాలనీ సంక్షేమ సంఘం బాలల విభాగం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

నీళ్ల ట్యాంకు మరమ్మతు, వీధి దీపాలు, వినాయక చవితి చందాల లెక్క కోశాధికారి గారు విడిగా ఇస్తున్నారు. ఇది పిల్లల ఆదివారం కార్యక్రమం గురించి మాత్రమే. "రెండు మార్కులు తగ్గితే చాలు, పిల్లలు కుంగిపోతున్నారు, ఏదైనా చేయండి" అని నిరుటి సర్వసభ్య సమావేశంలో మీరే అన్నారు. చేశాం. కుదరనివి కూడా దాచకుండా రాస్తున్నాను.

మొదట్లో మేం చేసింది పొరపాటే. కమ్యూనిటీ హాల్లో రంగు చార్టులు అంటించి, "నేను సాధించగలను" అని పిల్లలచేత గట్టిగా అనిపించాం. పెద్ద పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఏడో తరగతి అబ్బాయి ఒకడు "ఆంటీ, సాధించగలను అంటే లెక్క వచ్చేస్తదా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. సమోసాలు పెట్టినా తర్వాతి ఆదివారాలకు హాలు సగం ఖాళీ.

దారి దొరికింది ఒక ఆటలో. తలా ఒక కాగితం ఇచ్చి, మార్కులు తగ్గిన రోజు ఇంట్లోనో బడిలోనో విన్న మాట రాయమన్నాం. పేరు వద్దన్నాం. "నీకు లెక్కలు రావు." "వీడింతే." "మన వంశంలోనే చదువు లేదు." "నీ మొహానికి ఇంజనీరింగా?" ఒక కాగితం మీద "ఏం అనరు. ఆ రోజు నాతో మాట్లాడరు" అని ఉంది. అది చదివాక కాసేపు మాకూ మాట రాలేదు.

ఇంట్లో అశుభం పలికితే మా అమ్మమ్మ కసిరేది, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని. ఆ భయంతో పెద్దవాళ్లు చావు మాట ఎత్తరు, బియ్యం 'అయిపోయాయి' అనరు, 'నిండుకున్నాయి' అంటారు. ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చిన రోజు మాత్రం నోటికి అడ్డూ అదుపూ ఉండదు. దేవతల సంగతి నాకు తెలియదు గాని, ఎదురుగా నిలబడ్డ పిల్లవాడు మాత్రం లోపల తథాస్తు అనుకుంటున్నాడు.

మన సభ్యుల్లో సైకాలజీ లెక్చరర్‌గా రిటైరైన మేడమ్ ఇదే విషయాన్ని శాస్త్రం వైపు నుంచి చెప్పారు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ 1960ల్లో కుక్కల మీద ప్రయోగాలు చేశారు. తప్పించుకునే వీల్లేని కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు, తర్వాత దారి తెరిచి ఉన్నా కదల్లేదు. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పట్లో అన్నారు. 2016కు వచ్చేసరికి ఆ ఇద్దరే మాట మార్చారు. కష్టం ఎడతెగకపోతే చతికిలబడటం ఎవరూ నేర్పకుండానే వస్తుందట. నేర్చుకోవాల్సింది, 'దీన్ని మార్చడం నా చేతిలో ఉంది' అన్న సంగతి. అంటే ఆశ దానంతటదే పెరిగే మొక్క కాదు, ఎవరో ఒకరు నీళ్లు పోయాలి.

సెలిగ్‌మన్ చెప్పిన మూడు ప్రశ్నల్నే మేం పిల్లల నోటుపుస్తకాల్లో రాయించాం. ఎప్పుడూ ఇంతేనా, ఈసారికేనా? అన్నిట్లోనా, ఈ ఒక్కదాంట్లోనా? తప్పంతా నాదేనా, వేరే కారణం ఉందా? "నాకు లెక్కలు రావు" అని రాసిన అమ్మాయి పాత జవాబు పత్రాలు తిరగేసి చూస్తే, తప్పులన్నీ భిన్నాల కూడికలోనే. అది రెండు వారాల పని. మూడో ప్రశ్న మమ్మల్నే ఇరుకున పెట్టింది. ఒక అబ్బాయి హోంవర్క్ చేయకపోవడానికి కారణం, రాత్రి పది దాకా వాళ్లమ్మ టిఫిన్ బండి దగ్గర పని. అతనికి ధైర్యవచనాలు చెప్పి లాభం లేదు. పొద్దున ఐదింటికి చదువుకునేందుకు హాలు పక్క గది తాళంచెవి ఇచ్చాం.

దసరా సెలవుల్లో తల్లిదండ్రుల సమావేశం వేడిగా సాగింది. "కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మీరేమో అంతా మంచే జరుగుతుందని నేర్పుతున్నారు" అని ఒక పెద్దాయన లేచారు. ఆయన అడిగింది న్యాయమే. కీడెంచమన్నది ముందుజాగ్రత్త కోసం, గొడుగు తీసుకెళ్లడం లాంటిది. "నువ్వు ఎప్పటికీ తడుస్తూనే ఉంటావు" అనడం వేరు. ఆయన ఒప్పుకున్నారని చెప్పను గాని, తర్వాతి వారం మనవణ్ణి పంపారు.

బడుల సంగతి టూకీగా. పక్కనున్న ప్రభుత్వ బడిలో ఇద్దరు టీచర్లు "బాగా చదవాలి" అని రాసే చోట, ఏ పాఠం మళ్లీ చూడాలో రాస్తున్నారు. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే ప్రైవేటు బడి వాళ్లు పదో తరగతి వాళ్లను పది నిమిషాలు కూడా వదల్లేమన్నారు.

సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని భువనగిరి గుట్టకు తీసుకెళ్లాం. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ కొండలెక్కడం మొదలుపెట్టింది ఈ రాతి మీదే. 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడేనాటికి ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. సగం మెట్ల దగ్గర మన పాప ఒకతె కూలబడి "నా వల్ల కాదు" అంది. పక్కనున్న పిల్లాడు, "ఎప్పుడూనా, ఇప్పుడేనా?" అని అడిగాడు. "ఇప్పుడే. నీళ్లివ్వు" అంది. ఎక్కేసింది. ఇద్దరు పిల్లలు కిందే కూర్చుని జామకాయలు తిన్నారు, వాళ్లనేమీ అనలేదు.

ఏప్రిల్ అంటే అందరికీ టెన్షనే. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్న సంగతి మనం మరిచిపోలేదు. అందుకే ఫలితాలకు వారం ముందే, మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లో మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి బ్లాకు లిఫ్టు దగ్గరా అంటించాం. మన కాలనీ అబ్బాయి ఒకడు రెండు సబ్జెక్టులు తప్పాడు. ఒకప్పుడు "వీడింతే" అన్న వాళ్ల నాన్నే ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "సప్లిమెంటరీ ఫీజుకు ఆఖరు తేదీ ఎప్పుడమ్మా?" అని అడిగారు. సప్లిమెంటరీలో ఒకటి పాసయ్యాడు. రెండోది మళ్లీ రాస్తాడు.

వచ్చే ఏడాదికి ఆదివారాలు పిల్లలతో కూర్చునేవాళ్లు ఇద్దరు కావాలి. చార్టులు మాత్రం కొనం. టిఫిన్ బండి అబ్బాయి చదువుకునే గదిలో ట్యూబ్‌లైటు పోయి నెలవుతోంది, ఆ ఖర్చుకు సమావేశం ఆమోదం కోరుతున్నాను.

కార్యదర్శి, బాలల విభాగం