మా ఫియట్‌లో లప్పం తీసి రేకు వేసినవాళ్లందరికీ కృతజ్ఞతలు

మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని నిన్న షెడ్డు నుంచి ఇంటికొచ్చింది. 1982 మోడల్. మా ఇంట్లో అందరికీ అది ఫియటే కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాను. ఈ పనిలో చెయ్యి వేసిన ప్రతి ఒక్కరికీ ఎదురుగా దండం పెట్టి చెప్పాను, అయినా నలుగురిలో చెప్పకపోతే మనసు ఒప్పుకోవడం లేదు. వీళ్లలో ఏ ఒక్కరు చూసీ చూడనట్టు ఊరుకున్నా, మేం ఇవాళ్టికీ లప్పం (సొట్టలు పూడ్చే పుట్టీ) మీద కూర్చుని తిరుగుతూ ఉండేవాళ్లం.

మొదటి దండం గాజువాకలో పంక్చర్ షాపు తమ్ముడికి. వెనక చక్రం విప్పుదామని రన్నింగ్ బోర్డు (తలుపుల కింద పొడవునా ఉండే బాడీ అంచు) కింద జాకీ పెట్టి తిప్పుతుంటే కారు లేవడం లేదు, జాకీ తల మాత్రం లోపలికి దిగిపోతోంది. చిటపటమంటూ గులాబీ రంగు పెచ్చులు రోడ్డు మీద రాలాయి. అతను వెంటనే జాకీ దించేసి, రాలిన ముక్క నా చేతిలో పెట్టి, "సార్, ఇది రేకు కాదు, లప్పం. లోపల ఏమీ లేదు. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద మాత్రం వెళ్లకండి" అన్నాడు. తర్వాత వెనక యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం మార్చాడు. పంక్చర్ డబ్బులు తప్ప ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. జాకీ ఇంకోచోట పెట్టి, పని ముగించి పంపేస్తే అడిగేవాళ్లు లేరు. అలా చేయలేదు ఆ తమ్ముడు.

అంతకు కొన్నేళ్ల ముందు ఈ కారుకి ఒక షెడ్డులో పూర్తిగా టింకరింగ్ (రేకు పని), పెయింటింగ్ చేయించాం. ఆ షెడ్డు పేరు ఇక్కడ అనవసరం. బిల్లులో రన్నింగ్ బోర్డులకీ తలుపులకీ కొత్త రేకు వేసినట్టు రాసి, ఆ మేరకు డబ్బు తీసుకున్నారు. కారు తెచ్చుకున్నరోజు అద్దంలా మెరిసింది, నాన్నగారు వీధంతా పిలిచి చూపించారు. రెండు వానాకాలాలు గడిచేసరికి చక్రాల చుట్టూ పెయింట్ పొక్కులు తేలింది. క్రీమ్ రంగు తలుపుల మీద పసుపు మరకలు పడ్డాయి. విశాఖలో ఉప్పుగాలి అంతేలే అని అందరూ సర్దిచెప్పారు.

ఉప్పుగాలి ఒక్కటే కాదని తేల్చింది మా పక్కింటి బాబాయిగారు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. దారం కట్టిన చిన్న అయస్కాంతం ఒకటి, పెయింట్ మందం కొలిచే మీటరు ఒకటి, సుద్దముక్క ఒకటి పట్టుకుని వచ్చారు. టాపు మీదా బోనెట్ మీదా అయస్కాంతం గట్టిగా అతుక్కుంది, మీటరు కొన్ని వందల మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) చూపించింది. తలుపు కింది భాగానికి వచ్చేసరికి అయస్కాంతం జారి కింద పడింది. మీటరైతే అంకె చూపించడమే మానేసింది. వేలి కణుపుతో కొట్టి చూపించారు: పైన ఖంగుమంటోంది, కింద డొల్లగా మోగుతోంది. సుద్దతో గీత గీసుకుంటూ కారు చుట్టూ తిరిగి వచ్చాక చూస్తే, ఆ గీత కింద ఉన్నదంతా లప్పమే.

ఆ సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుని ఓపికగా చెప్పిన విషయాలు పాత బండ్లు ఉన్నవాళ్లందరికీ పనికొస్తాయని రాస్తున్నాను. కార్లకి వాడే లప్పం పాలియెస్టర్ రెసిన్‌లో టాల్క్ పొడి కలిపి చేసేది. దానికి బరువులో సుమారు 2 శాతం హార్డెనర్ కలిపితే గట్టిపడుతుంది. తొందరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ కలిపితే, అందులో మిగిలిపోయిన పెరాక్సైడ్ అనే రసాయనం పైకి తేలి లేత రంగుల మీద పసుపు మరకలు తెస్తుంది. మా తలుపుల మీద పడ్డవి అవే. ఇంకో సంగతి, ఈ లప్పం నీళ్లు పీల్చుకుంటుంది. నీళ్లు పోసి వాటర్ పేపర్‌తో రుద్ది, ఆరకముందే పైన పెయింట్ కొడితే ఆ తేమ లోపలే ఉండిపోయి రేకుని కింద నుంచి తినేస్తుంది. అసలు భయపడాల్సిన మాట ఆయన చివర్లో చెప్పారు. లారీకి ఉన్నట్టు ఫియట్‌కి విడిగా చాసిస్ (బరువు మోసే అడుగు ఫ్రేము) ఉండదు. బాడీయే చాసిస్. రన్నింగ్ బోర్డులు, ఫ్లోరు, పిల్లర్లు కలిసి బండి బరువంతా మోస్తాయి. బోనెట్ మీద సొట్టకి లప్పం పెడితే అందం సమస్య, రన్నింగ్ బోర్డులో కన్నానికి లప్పం పెడితే ప్రాణాల సమస్య. లప్పం బరువు మొయ్యదు.

ఆటోనగర్ టింకర్ మేస్త్రి గారి దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్లింది కూడా బాబాయిగారే. మేస్త్రి గారు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "తెరిచేదాకా రేటు చెప్పను బాబూ. తెరిచేటప్పుడు నువ్వు పక్కనే ఉండాలి" అన్నారు. ఉన్నాను. ఉలీ సుత్తీ పెట్టి ఎడమ వైపు రన్నింగ్ బోర్డు తెరిచారు. ముందు తారులాంటి నల్లటి అండర్‌కోట్ ఊడింది. దాని వెనక బొటనవేలు మందాన లప్పం. లప్పం ఊడిపోకుండా పట్టుకోవడానికి కిటికీలకి కొట్టే దోమల జాలీ. జాలీ వెనక రివెట్లు కొట్టి బిగించిన నూనె డబ్బా రేకు. దాని మీద "పామాయిల్" అనే అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి. ఆ డబ్బా రేకు వెనక అసలు రన్నింగ్ బోర్డు ఉండాలి. మేస్త్రి గారు చెయ్యి పెట్టి గుప్పెడు తుప్పు పెచ్చులు బయటికి తీశారు. బిల్లులో రాసిన "కొత్త రేకు" ఇదే.

తలుపుల సంగతి ఇంకా బాధ అనిపించింది. అద్దం పక్క నుంచి తలుపులోకి దిగిన వాన నీళ్లు బయటికి పోవడానికి అడుగున చిన్న కన్నాలు ఉంటాయి. వాటిని కూడా లప్పంతో మూసేశారు. మేస్త్రి గారు స్క్రూడ్రైవర్‌తో ఒక కన్నం పొడవగానే ఎర్రటి బురద నీళ్లు ధారగా కారాయి. ఆ వారంలో ఒక్క చినుకు కూడా పడలేదు.

నాకు కోపం ఆగలేదు. మేస్త్రి గారు మాత్రం ఆ షెడ్డువాళ్లని ఒక్క మాట అనలేదు. "లప్పం చెడ్డది కాదు బాబూ. రేకు సాపు చేశాక మిగిలే ఎగుడుదిగుళ్లకి అది కావాలి. కన్నానికి కాదు" అన్నారంతే.

ఆయన పని చూడటం నా అదృష్టం. కారుని నాలుగు వైపులా మట్టంగా స్టాండ్ల మీద నిలబెట్టి, తలుపులున్న చోట ఫ్రేములో అడ్డంగా ఇనుప పైపులు వెల్డింగ్ చేశారు. అలా బిగించకుండా రన్నింగ్ బోర్డు కోస్తే బాడీ మధ్యలో కుంగిపోతుందట, ఇక తలుపులు జన్మలో సరిగా పడవట. ఒక వైపు పూర్తయ్యేదాకా రెండో వైపు ముట్టుకోలేదు. మెరిసే గట్టి రేకు తగిలేదాకా కోసుకుంటూ పోయారు, కుళ్లు అంచు మీద ఎక్కడా అతుకు వేయలేదు. 1.2 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు రేకుని పాత ముక్క కొలతకి వంచి, సుత్తీ, డాలీతో (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) రూపం తెచ్చారు. సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో చేసేది) చేసేటప్పుడు ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి, చల్లారాక మళ్లీ ఇంకో చుక్క. ఒకేసారి గీత లాగితే వేడికి రేకు వంకర పోతుంది. ప్రతి విడత తర్వాత తలుపు బిగించి మూసి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో వేలు పెట్టి చూసేవారు. నచ్చకపోతే విప్పి మళ్లీ మొదలు. ఏ దశలోనూ నన్ను అడక్కుండా, నాకు చూపించకుండా ఏదీ మూసెయ్యలేదు. ఏ షెడ్డు నుంచైనా మనం కోరాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం. పెయింట్ మెరుపు ఎవరైనా చూపిస్తారు. పెయింట్‌కి ముందు రేకు చూపించాలి.

తలుపులు, ముందు మడ్‌గార్డులు మరీ చేయి దాటిపోయాయి. అవి ముంబై నుంచి వచ్చాయి. పంపిన అన్నయ్యది శ్రీకాకుళం వైపు నుంచి వలస వెళ్లిన కుటుంబం. వాళ్ల నాన్నగారు అక్కడ కాలీపీలీ (నలుపు పసుపు రంగుల) పద్మిని టాక్సీ నడిపారు. ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది, 20 ఏళ్ల గడువు తీరడంతో 2023 అక్టోబరు 30 నుంచి ఆ టాక్సీలు రోడ్ల మీద లేవు. వాళ్ల నాన్నగారి జ్ఞాపకంగా దాచుకున్న సామాన్లలోంచి రెండు మడ్‌గార్డులు, తలుపులు గోనెపట్టాల్లో చుట్టి పార్సిల్ వేశాడు ఆయన. పార్సిల్ ఖర్చు తప్ప డబ్బు పుచ్చుకోనన్నాడు. "మా నాన్న బండి ముక్క ఇంకో నాన్న బండికి పడితే అంతకన్నా ఏం కావాలి" అన్న ఆయన మాట మా నాన్నగారికి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేకపోయారు. అన్నయ్యా, మీ రుణం డబ్బుతో తీరేది కాదు.

పెయింటర్ తమ్ముడు వయసులో చిన్నవాడు, పనిలో పెద్దవాడు. మా ఊరి గాలికి ఉత్త రేకు తెల్లారేసరికి ఎర్రబడుతుందని, వెల్డింగ్ పూర్తయిన రోజునే రాత్రి వరకూ ఉండి ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టనివ్వని తొలి పూత) కొట్టేశాడు. అవసరమైన చోట పల్చగా లప్పం లాగి, నీళ్లు తగలనివ్వకుండా పొడిగానే రుద్దాడు. తలుపుల అడుగున కన్నాల్లో అగ్గిపుల్లలు గుచ్చి పెయింట్ కొట్టి, తర్వాత పుల్లలు తీసేశాడు. రన్నింగ్ బోర్డుల లోపలికి పైపు పెట్టి మైనం స్ప్రే చేశాడు. అది ఎవరికీ కనపడదు. అడిగితే "నాకు తెలుసు కదండీ" అన్నాడు. పని మధ్యలో డబ్బు సరిపోక టెన్షన్ పడుతుంటే మాట రానివ్వకుండా సర్దిన మా అక్కకీ బావగారికీ కూడా ఇక్కడే దండాలు.

విప్పినప్పటి నుంచి పెయింట్ వరకూ తీసిన ఫోటోలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఫియట్ గానీ అంబాసిడర్ గానీ ఉన్నవాళ్లు ఎవరు అడిగినా పంపిస్తాను. ఎక్కడ అయస్కాంతం పెట్టి చూడాలో, ఏ కన్నాలు తెరిచి ఉండాలో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. విశాఖలో ఉంటే బండి తీసుకురండి, బాబాయిగారు సుద్దముక్కతో సిద్ధంగా ఉన్నారు.

వచ్చే బుధవారం పొద్దున ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర కారుకి పూజ. పంక్చర్ షాపు తమ్ముడు, బాబాయిగారు, మేస్త్రి గారు, పెయింటర్ తమ్ముడు కుటుంబాలతో రావాలి, తర్వాత టిఫిన్ మా ఇంట్లోనే. ముంబై అన్నయ్యకి అక్కడి నుంచే వీడియో కాల్ చేస్తాం.