షాకబ్జార్బర్ డబ్బా మీద కొలతలు రాయించండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మారతహళ్లి నుంచి రాస్తున్నాను. జీపులు, థార్‌లు, జిమ్నీలు ఉన్నవాళ్లు కంపెనీ షాకబ్జార్బర్‌లు తీసేసి బయట వేరేవి వేయించుకోవడం మన బెంగళూరులో ఇప్పుడు మామూలైపోయింది, ఏ శనివారమైనా జేసీ రోడ్డు వైపు వెళ్తే తెలుస్తుంది. అందులో తప్పేం లేదు, నేనూ వేయించుకున్నవాణ్ణే. కానీ కొనేవాడికి తెలియాల్సిన నాలుగు ముక్కలు డబ్బా మీదా ఉండట్లేదు, బిల్లు మీదా ఉండట్లేదు, అమ్మేవాళ్లూ చెప్పట్లేదు. దాని గురించే ఈ ఉత్తరం, కాస్త పెద్దదైతే ఏమనుకోకండి.

నాది 2016 మోడల్ పాత థార్, ముందు టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీ), వెనక కమాన్ కట్టలు (ఇనుప పట్టీల స్ప్రింగులు). కిందటేడు నగరంలోనే ఒక షాపులో "రెండు ఇంచులు లేపి ఆఫ్‌రోడ్ షాక్స్ వేస్తాం సార్, రాయి మీదెక్కినా లోపల తెలీదు" అన్నారు, వెనక కట్టలో ఒక పట్టీ ఎక్కువ వేసి నాలుగు షాక్స్ మార్చి 38 వేలు తీసుకున్నారు. నేను అడిగింది ఒకటే, గట్టివేనా అని. గట్టివే సార్ అన్నారు. బండి కింద పడుకుని టేపు పెట్టి కొలిచినవాళ్లు ఒక్కరూ లేరు, వెనక ఎంత బరువు వేస్తారు అని అడిగినవాళ్లూ లేరు.

నెల తిరక్కుండానే మదనపల్లె దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్లాం. ట్రాక్టర్ రిపేర్లో ఉందని చేలో కోసిన టమాటా పది బాక్సులు మా బండిలోనే వేశాం, ఒక్కోటి పాతిక కేజీల పైమాటే, ముందు నేనూ మా బావమరిదీ. కాలువ గట్టు దాటేటప్పుడు వెనక చక్రాలు ధడేల్మని దిగాయి, దిగడంతోనే ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు, సీట్లోంచి వెన్నులోకి తగిలింది. ఇంకో వంద గజాలు పోయేసరికి బండి వెనక పక్కకి ఊగడం మొదలుపెట్టింది. దిగి చూస్తే కుడివైపు వెనక షాక్ మీద నుంచి ఆయిల్ కారి దుమ్ము అంటుకుని నల్లగా బురదలా ఉంది, పైన ఛాసిస్‌కి బిగించే బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర వెంట్రుక మందాన పగులు.

ఊరి బయట షెడ్డులో ఒక పెద్దాయన చూశాడు. ఆయన ముందు షాక్ దగ్గరికి పోలేదు, టార్చి వేసి యాక్సిల్ పైన ఉండే బంప్ రబ్బరు చూపించాడు. దాని మొహం మీద దుమ్ము పేరుకున్నది పేరుకున్నట్టే ఉంది, ఒక్క గీత లేదు. బండి పూర్తిగా దిగినప్పుడు ఆ రబ్బరే ముందు యాక్సిల్‌కి తగిలి ఆపాలి, అది తగలనే లేదు. షాక్ ఊడదీసి పూర్తిగా మూసి కొలిస్తే పై రింగు నుంచి కింది రింగుకి 14 ఇంచులు వచ్చింది, యాక్సిల్ రబ్బరుని తాకే టైముకి బండిలో ఆ రెండు రింగుల మధ్య మిగిలే జాగా 13. "కొలత చూడకుండా ఏసినారు సార్, రబ్బరు తగలాల్సిన చోట ఇది తగిలింది" అన్నాడు. ఆ ఒక్క ఇంచు తేడాకి సీలు పగిలింది, బ్రాకెట్ చీలింది. అదే సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకుని చింతామణి రోడ్డు మీద బెంగళూరు బయల్దేరాల్సినవాళ్లం. ఆ మాట ఇప్పటికీ నా భార్య నేను కలిసి తల్చుకోం.

షాపుకి తిరిగి వెళ్తే ఆఫ్‌రోడ్ చేశారు కాబట్టి వారంటీ రాదన్నారు. ఆఫ్‌రోడ్ కోసమని చెప్పి అమ్మిన వస్తువుకి ఆ జవాబు చెప్తే కస్టమర్ ఎక్కడికి పోవాలి? బిల్లులో "షాక్ సెట్ - 1" అని తప్ప మోడల్ నంబర్ కూడా లేదు, వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామన్నా చేతిలో ఆధారం లేదు.

ఆ తర్వాత ఆరు నెలలు దీని మీదే కూర్చున్నాను, నాకు అర్థమైంది మీ పాఠకులకి చెప్పాలి. బండి బరువు మోసేది స్ప్రింగో కమాన్ కట్టో, షాకబ్జార్బర్ కాదు. స్ప్రింగు నొక్కుకుని మళ్లీ ఎగరబోతుంది కదా, ఆ ఎగరడాన్ని ఆయిల్‌ని సన్న రంధ్రాల్లోంచి తోసి వేడిగా మార్చి అణిచేదే షాక్. అందుకే ముందు బండి మీద రోజూ ఉండే బరువెంత అని లెక్కేసుకోవాలి, ముందు ఐరన్ బంపరు, విన్చి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) ఉన్నాయా, వెనక సామాను ఎప్పుడూ ఉంటుందా అప్పుడప్పుడా, దాన్ని బట్టి స్ప్రింగు, ఆ స్ప్రింగుకి తగ్గ షాకు. ఖాళీ బండికి బరువు బండి షాక్ వేస్తే చక్రం గుంతలోకి దిగకుండా పైపైన గంతులేస్తుంది, మట్టిరోడ్డు మీద అడ్డగీతలు పడ్డ చోట స్టీరింగ్ మన మాట వినదు. గట్టి అన్న ఒక్క మాటతో షాక్ కొనకూడదని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత మోనోట్యూబా ట్విన్ ట్యూబా అని. మోనోట్యూబ్ అంటే ఒకటే గొట్టం, ఆయిల్‌కీ నైట్రోజన్ గ్యాస్‌కీ మధ్య వేరే పిస్టన్ అడ్డం ఉంటుంది, వేడి బయటకి త్వరగా పోతుంది, ఆయిల్ నురగ కట్టదు, గంటలకొద్దీ కంకర రోడ్డు మీద పోయేవాళ్లకి మంచిది. కానీ దాని గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే లోపల పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. ట్విన్ ట్యూబ్‌కి బయట ఇంకో గొట్టం ఉంటుంది కాబట్టి చిన్న సొట్టని ఓర్చుకుంటుంది, ధర తక్కువ, రోజూ ఆఫీసుకి పోయి ఎప్పుడైనా సకలేశపుర వైపు వెళ్లేవాళ్లకి అది చాలు. బిల్‌స్టైన్, ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, ప్రొఫెండర్ అని పేర్లు చెప్తారు, మంచి కంపెనీలే, మన గాబ్రియెల్‌కి పక్కనే హోసూరులో ఫ్యాక్టరీ ఉంది. ఏ పేరైనా సరే మన బండికి పొడవు సరిపోకపోతే ఆ పేరు ఏం చేస్తుంది?

పొడవు గురించి ఇంకొక్క మాట. మూసినప్పుడు ఎంత, తెరిచినప్పుడు ఎంత, రెండూ కావాలి. తెరిచిన పొడవు మరీ ఎక్కువైతే చక్రం కిందికి వేలాడినప్పుడు బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ పైపు) లాగేసుకుంటుంది, స్ప్రింగు జాగాలోంచి వదులవుతుంది. మరీ తక్కువైతే షాకే చక్రాన్ని పట్టి వేలాడదీస్తుంది, ఊడిపోతుంది. బండి ఎంత లేచిందో చూడాలంటే చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు వరకు పని ముందు ఒకసారి, పని తర్వాత ఒకసారి కొలిస్తే సరి, టైర్ ఏదైనా ఆ లెక్క మారదు. ఐదు నిమిషాల పని, పదిహేను రూపాయల టేపు.

ఇది బండి ఉన్నవాళ్ల సరదా, మాకెందుకు అనుకునేవాళ్లకి ఒక మాట. షాక్ పోయిన బండికి టైరు రోడ్డుని సరిగ్గా పట్టదు, గతుకుల్లో బ్రేకు కొడితే ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. ఆ ముందు ఉండేది ఔటర్ రింగ్ రోడ్డు మీద స్కూటీలో పిల్లని స్కూల్లో దింపడానికి పోయే అమ్మే. బండి లేపి హెడ్‌లైట్ దించకపోతే ఆ వెలుగు ఎదురొచ్చేవాళ్ల కళ్లలోనే పడుతుంది.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ కేసులో అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో మార్పు చేసిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5 వేలు జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పెట్టారు. బండి మూల స్వరూపం మారేలా నిర్మాణంలో చేసే మార్పునే మార్పు అంటామని ఆ సెక్షన్లోనే వివరణ ఉంది. అంటే అరిగిపోయిన షాక్ తీసి అదే పొడవుది వేరే కంపెనీది వేయడం వేరు, బండిని రెండు ఇంచులు లేపడం వేరు, కానీ ఆ సెక్షన్లో ఇంచుల లెక్క లేదు. దాంతో అన్ని పనులూ దొంగచాటుగా జరుగుతున్నాయి, షాపువాళ్లు అందుకే బిల్లులో ఏమీ రాయరు, మనమూ ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పం, రేపు క్లెయిమ్ దగ్గర మనమే ఇరుక్కుంటాం.

అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. హెల్మెట్‌కి 2021 జూన్ నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేశారు, డబ్బా మీద ఎంఆర్‌పీ, తయారీ నెల, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు వేయాలని 2011 నుంచే రూల్స్ ఉన్నాయి. అదే డబ్బా మీద మూసిన పొడవు, తెరిచిన పొడవు, ఏ మోడల్ బండికి, ఎంత బరువు మోసే స్ప్రింగుకి అనే నాలుగు లైన్లు కూడా వేయించండి. రవాణా శాఖ వాళ్లు ఏ మార్పుకి అనుమతి అక్కర్లేదు, దేనికి కావాలి అని ఒక్క కాగితం కన్నడ, తెలుగు, తమిళం, ఇంగ్లీషులో ప్రతి ఆర్‌టీవో ఆఫీసు బయట అంటించాలి. ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915 కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కొత్తగా వేయించేవాళ్లు పని మొదలవ్వక ముందే మోడల్ నంబర్, నాలుగు మూలల కొలతలు బిల్లు మీద రాయించుకోండి, రాయం అంటే తాళం చెవి తీసుకుని వచ్చేయండి.

మదనపల్లెలో ఊడదీసిన ఆ షాక్, చీలిన బ్రాకెట్, గీత పడని ఆ రబ్బరు మూడూ నా దగ్గరే గోనెసంచిలో ఉన్నాయి. రవాణా శాఖ నుంచి గానీ వినియోగదారుల శాఖ నుంచి గానీ ఎవరైనా చూస్తానంటే సెలవు పెట్టి మరీ తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు