ఖాళీవని మీరు తిరిగిచ్చిన రెండు టేపుల గురించి

చెన్నై,
జులై 21

మేనేజర్ గారికి,

విషయం: మినీ డీవీ టేపులను ఫైల్స్‌గా మార్చడంలో మీ సంస్థ చేసిన తప్పులు

అయ్యా,

గత నెల 14న టీ నగర్‌లోని మీ కౌంటర్‌లో తొమ్మిది మినీ డీవీ టేపులు (పాత హ్యాండీక్యామ్‌లలో వేసే చిన్న వీడియో క్యాసెట్లు) ఇచ్చాను. టేపుకు 450 రూపాయల చొప్పున 4,050, ‘టేపు రిపేరు’ అని మూడు టేపులకు ఇంకో 1,800, మొత్తం 5,850 రూపాయలు తీసుకున్నారు. పెన్‌డ్రైవ్‌తో పాటు మీరిచ్చిన కాగితంలో 4, 7 నంబరు టేపుల ఎదురుగా ‘ఖాళీ, రికార్డింగ్ లేదు’ అని ఉంది. వాటికి కూడా డబ్బు వదల్లేదు. ఆ సంగతి అలా ఉంచండి. కౌంటర్‌లో అబ్బాయి నాతో ఏమన్నాడో తెలుసా? “పారేయొచ్చు మేడమ్, లేదంటే మళ్లీ దేనికైనా వాడుకోండి” అన్నాడు.

ఆ ఏడో టేపులో మా అమ్మ ఉంది. 2004 ధనుర్మాసంలో అన్నయ్య తీసినది. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆమె గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు.

మీ మాట నమ్మబుద్ధి కాక రిచీ స్ట్రీట్‌లో పాత హ్యాండీక్యామ్‌లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి టేపులు పట్టుకెళ్లాను. ఆయన టేపు ముట్టుకోకముందే అడిగిన మొదటి మాట, “ఏ దేశం కెమెరాతో తీశారమ్మా?” అన్నయ్య అప్పట్లో న్యూజెర్సీలో ఉండేవాడు, అక్కడ కొన్నదే అన్నాను. బీరువాలోంచి అమెరికా కెమెరా ఒకటి తీసి, చార్జర్ పెట్టి, టేపు వేశారు. రెండు నిమిషాలు పట్టలేదు. అరచేతిలో సగం కూడా లేని ఆ తెరమీద మా వాకిలి కనబడింది. నీళ్లు చల్లిన నేల ఇంకా తడిగానే ఉంది. అమ్మ వంగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారవిడుస్తూ చుక్కల చుట్టూ గీత తిప్పుతోంది. గీత చివరకొచ్చాక తలెత్తి, “ఒరేయ్, ఆ డబ్బా పక్కన పెట్టి గొబ్బెమ్మలు అందించరా” అంది. నేను ఆ షాపులోనే ఏడ్చేశాను. ఖాళీ అని మీరు రాసిచ్చిన టేపు అది.

జరిగిందేమిటో ఆయనే విడమరిచి చెప్పారు. అమెరికా కెమెరాలు ఎన్‌టీఎస్‌సీ అనే వీడియో పద్ధతిలో రికార్డు చేస్తాయి: ఒక్కో ఫ్రేములో మొత్తం 525 అడ్డగీతలు, సెకనుకు 29.97 ఫ్రేములు. మన దగ్గరిది పాల్: 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. 1982లో మన దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు ఎంచుకున్నది ఈ పాల్ పద్ధతినే. మినీ డీవీ దగ్గరకొచ్చేసరికి చిక్కు ఏమిటంటే, క్యాసెట్ రెండింటికీ ఒకటే. ఎన్‌టీఎస్‌సీలో ఫ్రేముకు పది ట్రాకులు (టేపు మీద బొమ్మ రికార్డయ్యే సన్నని చారలు), పాల్‌లో పన్నెండు; ఎలా లెక్కవేసినా సెకనుకు సుమారు 300 ట్రాకులే కాబట్టి అరవై నిమిషాల టేపు రెండు చోట్లా అరవై నిమిషాలే నడుస్తుంది. పైకి చూసి ఏది ఏదో చెప్పలేం. ఒక పద్ధతి మాత్రమే తెలిసిన కెమెరాలో రెండో పద్ధతి టేపు వేస్తే చాలాసార్లు నీలిరంగు తెర తప్ప ఏమీ రాదు. దాన్ని చూసి ఖాళీ అనేయకూడదు. పైగా నేనిచ్చిన తొమ్మిదింట్లో ఆ అమెరికా కెమెరాతో తీసినవి ఐదు; వాటి లేబుళ్ల మీద అన్నయ్య బాల్‌పెన్నుతో ‘న్యూజెర్సీ కెమెరా’ అని రాసే పెట్టాడు. ఎవరూ చదవలేదు.

ఒకే కెమెరాతో తీసిన ఐదింట్లో మూడింటికి బొమ్మ వచ్చి రెండింటికి రాలేదంటే, ఆ రెంటినీ మీవాళ్లు వేరే మెషీన్‌లో పెట్టి ఉండాలి. మొదటి మెషీన్‌లో ఒకసారి పెట్టి చూస్తే సరిపోయేది. బర్మా బజార్‌లో కొన్న కెమెరాతో తీసిన మిగతా నాలుగు టేపులూ బాగా వచ్చాయి, వాటి గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

బొమ్మ వచ్చిన ఆ మూడూ మా నాన్నగారి షష్టిపూర్తివి. వాటిని నన్ను అడక్కుండా పాల్‌లోకి మార్చేశారు. ఎన్‌టీఎస్‌సీ డీవీలో బొమ్మ కనిపించే 480 గీతలను పాల్‌కు సరిపడా 576కి సాగదీశారు, ముఖాలు మసకబారాయి. ఆరు ఫ్రేముల్లో ఒకటి తీసి పారేశారు. అక్షింతలు వేసే చోట ఒక్కో ఫ్రేమే ఆపి చూశాను: గాల్లో ఉన్న పసుపు గింజలు నాలుగడుగులు సాఫీగా దిగి, అయిదో అడుగున ఒక్కసారి కిందికి గెంతుతున్నాయి. డీవీడీ ప్లేయర్ల కాలంలో ఇక్కడి టీవీల కోసం మార్చారంటే అర్థముంది. ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు రెండు రకాల ఫైల్సూ చూపిస్తాయి. కెమెరాను కంప్యూటర్‌కు కలిపే ఫైర్‌వైర్ కేబుల్‌తో ఉన్నది ఉన్నట్టుగా దింపితే గంటకు 13 జీబీ వస్తుంది. మీరిచ్చిన ఫైలు గంటకు 1 జీబీ కూడా లేదు.

ఇక ‘టేపు రిపేరు’. కల్యాణ మండపంలో వెలుతురు మినుకుమినుకుమంటోందనీ, అది టేపు పాడవడం వల్లేననీ రాశారు. టేపుకు ఏ జబ్బూ లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబ్‌లైట్లు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. అరవై హెర్ట్జ్ దేశపు కెమెరా ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా తీస్తూ సెకనుకు దాదాపు అరవై సార్లు పట్టి చూస్తుంది. ఆ రెండూ కలవవు, అందుకే ఆ మినుకు. షట్టర్‌ను సెకనులో వందో వంతుకు పెట్టి ఉంటే చాలావరకు తగ్గేదట, పాపం అన్నయ్యకు అప్పుడు తెలియదు. ఇది మీ తప్పు కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ లేని జబ్బుకు 1,800 రూపాయల వైద్యం ఎందుకు చేసినట్టు? రిపేరు చేశామన్న తర్వాత కూడా ఆ మినుకు అలాగే ఉంది.

నేను కోరేది ఇదీ. రిపేరు పేరుతో తీసుకున్న 1,800, ఆ ఐదు టేపులకు తీసుకున్న 2,250 తిరిగివ్వండి. ‘ఖాళీ’ అన్న మాట తప్పని కాగితం మీద రాసివ్వండి. ఎన్‌టీఎస్‌సీ కెమెరా సంపాదించగలిగితే ఆ ఐదింటినీ ఏ మార్పూ లేకుండా ఫైర్‌వైర్‌లో దింపి ఇవ్వండి. కుదరకపోతే కుదరదని చెప్పండి, ఇంకెక్కడైనా చేయించుకుంటాను. ఇకమీదట టేపు తీసుకునేటప్పుడే ‘కెమెరా ఏ దేశంలో కొన్నారు’ అని అడగమని మీ కౌంటర్‌లో చెప్పండి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన కెమెరాలతో తీసిన టేపులు ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లల్లో ఉన్నాయో! మీ మాట విని ఇప్పటికే ఎవరైనా పారేశారేమోనని నాకు నిజంగా భయంగా ఉంది. ఈ ఏడాది ‘ఖాళీ’ అని తిప్పి పంపిన టేపుల యజమానులకు దయచేసి ఫోన్ చేయండి.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తాను, అవసరమైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. రసీదు, మీ రిపోర్టు, టేపు లేబుళ్ల ఫొటోలు జతచేస్తున్నాను. టేపులు మాత్రం ఈసారి కౌంటర్‌లో వదిలిపెట్టను. కెమెరా సిద్ధమైన రోజు కబురు చేయండి, నేనే తెచ్చి, పని అయ్యేదాకా పక్కనే కూర్చుంటాను.

ఇట్లు,
మాంబళం నుంచి మీ కస్టమర్