చికిత్స ముగిశాక మనసు సంగతి ఎవరు చూడాలి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. క్యాన్సర్ మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు వ్యాధిని ముందుగా గుర్తించడం దగ్గర, కొత్త మందుల దగ్గర ఆగిపోతున్నాయి. చికిత్స పూర్తయి ఇంటికి చేరినవాళ్ల మనసు గురించి రాసేవాళ్లు తక్కువ. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ చేయించుకున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చికిత్స జరుగుతున్నన్నాళ్లూ దిగులు పడటానికి కూడా తీరిక ఉండదు. ఈ వారం రక్తపరీక్ష, వచ్చే వారం కీమో. చివరి రేడియేషన్ కాగానే "మూడు నెలల తర్వాత చెకప్‌కి రండి" అని పంపేస్తారు. గండం గట్టెక్కిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. చాలామందికి మనసులో అసలు గొడవ అప్పుడే మొదలవుతుంది. నడుం నొప్పెట్టినా, నాలుగు రోజులు దగ్గు తగ్గకపోయినా మళ్లీ తిరగబెట్టిందేమోనని భయం. స్కాన్ తేదీ దగ్గరపడే కొద్దీ నిద్ర పట్టదు. రిపోర్టు బాగుందంటే కొన్నాళ్లు తెరిపి, ఆ తర్వాత మళ్లీ అదే టెన్షన్. పైగా ఎంత పడుకున్నా తీరని అలసట, మతిమరుపు, అద్దంలో చూసుకోబుద్ధి కాకపోవడం. "నయమైందిగా, ఇంకా దిగులెందుకు?" అని అయినవాళ్లు ప్రేమగానే అడుగుతారు. ఆ మాట విన్నాక ఇక ఏం చెప్పుకోగలం?

ఇంకో మాట మరీ బాధపెడుతుంది. ఏడిస్తే, దిగులు పడితే జబ్బు తిరిగొస్తుందట! అలాంటిదానికి గట్టి ఆధారమేమీ లేదు. కానీ అది నమ్మినవాళ్లు భయపడటానికి కూడా భయపడుతూ, పైకి నవ్వుతూ లోపల నలిగిపోతారు.

ఈ దిగులుకు ఒక్కోసారి ఒంట్లోనే కారణం ఉంటుంది. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్లు నిద్రనూ మూడ్‌నూ చెడగొడతాయి. మెడ భాగంలో రేడియేషన్ తీసుకున్నవాళ్లకు థైరాయిడ్ మందగించి డిప్రెషన్ లాంటి లక్షణాలే కనిపించవచ్చు. మందుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పరాక్సిటీన్, ఫ్లూక్సెటీన్ వంటి కొన్ని డిప్రెషన్ మందులు, రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా వాడే టామాక్సిఫెన్ అనే మందు శరీరంలో పనిచేసే తీరుకు అడ్డుపడతాయి. వాటిని ఎవరికి వారు ఆపేయకూడదు, డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి. అందుకే మనసుకు చేసే వైద్యం క్యాన్సర్ వైద్యంతో కలిసే సాగాలంటున్నాను.

ఇదేమీ కొత్త కోరిక కాదు. న్యూయార్క్‌లో డాక్టర్ జిమ్మీ హాలండ్ 1970లలోనే క్యాన్సర్ రోగుల మానసిక వైద్యాన్ని ప్రత్యేక విభాగంగా నిలబెట్టారు. చికిత్స ముగిసినవాళ్లను గాలికి వదిలేస్తున్నామని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2005లోనే హెచ్చరించింది. "గడిచిన వారంలో మీ మనోవేదన 0 నుంచి 10 వరకు ఎంత?" అని అడిగే చిన్న కాగితం ఒకటి చాలాకాలంగా వాడుకలో ఉంది. జవాబు 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే మరింత వివరంగా పరిశీలించాలి. రెండు నిమిషాల పని. ఇన్ని లక్షలు పోసి కొన్న స్కాన్ యంత్రాల పక్కన ఆ కాగితానికి చోటు లేదా?

కౌన్సెలింగ్‌తో మేలు జరుగుతుంది. ఒంటికి తగ్గ వ్యాయామం, వారానికి మూడుసార్లు అరగంట చొప్పున రెండు మూడు నెలలు చేస్తే, ఆందోళన, డిప్రెషన్, అలసట తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే డాక్టరుకు చెప్పాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. పక్కనుండి సేవ చేసిన భర్తలు, భార్యలు, పిల్లలు కూడా ఇలాగే కుంగిపోతుంటారు. వాళ్లనైతే ఎవరూ అడగనే అడగరు.

ప్రతి చెకప్‌లోనూ ఆ ఒక్క ప్రశ్న తప్పనిసరిగా అడిగేలా ఆస్పత్రుల యాజమాన్యాలు, ఆరోగ్యశాఖ అధికారులు ఏర్పాటు చేయాలి. చికిత్స ముగిసినప్పుడు ఇచ్చే కాగితాల్లో మందుల చీటీతో పాటు కౌన్సెలర్‌ను కలవాల్సిన తేదీ కూడా రాసివ్వాలి. మీ ఆరోగ్య పేజీలో మానసిక వైద్య నిపుణులు పాఠకుల ప్రశ్నలకు జవాబిచ్చే శీర్షిక మొదలుపెట్టమని మిమ్మల్ని కోరుతున్నాను. మొదటి ప్రశ్న నేనే పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు