లీడరమ్మకి, బెంగళూరు మారతహళ్ళి నుంచి

ఒసేయ్ లీడరమ్మా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. జవాబు రాయనందుకు ఎంత తిట్టినా పడతాను. ఇల్లు మారాం, రెండు వీధుల అవతలికే. అత్తయ్య మోకాళ్ళ నొప్పి నయం. చిన్నదానికి పాలపళ్ళు ఊడుతున్నాయి. అసలు సంగతి విను, వారం నుంచి నాకు అన్నం సయించట్లేదు.

మా బడిలో ఈ ఏడు పిల్లల ప్రవర్తన చూడ్డానికి ఒక యాప్ పెట్టారు. 2011లో క్లాస్‌డోజో అని వచ్చింది చూడు, అది కాదు గానీ ఆ తరహాదే. ఒక్కో పిల్లాడికి ఒక్కో బొమ్మ. బుద్ధిగా ఉంటే పచ్చ పాయింటు, అల్లరి చేస్తే ఎర్ర పాయింటు. నేను నొక్కగానే గోడ మీది తెర టింగుమంటుంది, ఆ వెంటనే అమ్మానాన్నల ఫోను మోగుతుంది. మొదట్లో నాకూ నచ్చిందే. 40 మంది నాలుగో తరగతి పిల్లలు, గొంతు చించుకునే పని తప్పింది. పచ్చ పాయింటు పడితే వాళ్ళ మొహాలు చూడాలి!

మొన్న మంగళవారం భిన్నాలు చెప్తున్నా. మూడో బెంచీలో గుసగుస. చరణ్. ఒకటి నొక్కాను. ఆపలేదు. రెండు. మూడు. వాడి బొమ్మ అట్టడుగుకి జారిపోయింది.

బుధవారం హాజరు పిలిస్తే పలకలేదు, చెయ్యెత్తాడంతే. గురువారం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు. ఆ చెయ్యి పట్టుకుని తిప్పి చూశానే... అరచేతిలో పెన్నుతో ‘డోంట్ టాక్’ అని రాసుకున్నాడు. చెమటకి చెరిగితే మళ్ళీ దిద్దుకున్నాడు.

పక్కపిల్ల జూన్‌లో అనంతపురం నుంచి వచ్చింది. ఇంగ్లీషూ రాదు, కన్నడమూ రాదు. “వాడు నాకు లెక్క చెప్తాండె మిస్, రొట్టెను నాలుగు తునకలు చేస్తే అని” అంది. నాకు కాళ్ళు ఆడలేదు. చరణ్ వాళ్ళ నాన్న క్యాబ్ నడుపుతాడు. ఫోన్ చేస్తే, “మూడుసార్లు మోగింది మేడం, రాత్రి రెండు తగిలించాను” అన్నాడు.

నువ్వే గుర్తొచ్చావు. మాస్టారు బయటికెళ్తే బోర్డు మూల మాట్లాడినవాళ్ళ పేర్లు రాసేదానివి, నా పేరు పక్కన ఇంటూల మీద ఇంటూలు! ఉప్పూకారం అద్దిన జామకాయ చేతిలో పడితేగానీ డస్టరు తీసేదానివి కాదు. అయినా అది మా అమ్మదాకా ఏనాడూ వెళ్ళలేదు. వీడి మూడు పాయింట్లూ యాప్‌లోంచి తీసేశాను. ఆ రెండు దెబ్బలు ఎలా తీసేది చెప్పు?

శనివారం మీటింగులో అడిగేశాను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ వద్దంది. అందరి ముందూ పిల్లాడి బొమ్మని కిందికి దించడం ఇంకేమిటి? చూద్దాం అన్నారు. నేను మాత్రం నా తరగతిలో ఎర్ర పాయింట్లు ఆపేశాను, పచ్చవి కూడా తెర మీద చూపించను. గోల పెరిగితే బంతులు ఎగిరే తెర ఒక్కటి ఉంచాను, అది ఎవరి పేరూ చెప్పదు. పిల్లలు వాటిని చూసి వాళ్ళంతట వాళ్ళే తగ్గుతున్నారు.

చరణ్‌కి అందరి ముందే సారీ చెప్పాను. నిన్న నా టిఫిన్ డబ్బాలోంచి చపాతీ ఇచ్చి, నాలుగు తునకలు చేసి చూపించరా అన్నాను. చేశాడు. మాట మాత్రం ఇంకా గుసగుసే, తెర వంక చూస్తూ చూస్తూ... అయ్యో వ్యాను హారన్ కొడుతున్నాడు, వాళ్ళ నాన్న బడికి వచ్చిన సంగతి చెప్పనేలేదు, మళ్ళీ రాస్తా

నీ మూడు ఇంటూల
సుధ